ఇంటి కొయ్యపనికి ఆప్తవాక్యము

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అని మన పెద్దలు ఊరక అనలేదు. పెండ్లి సందడి కొన్ని దినములతో ముగియును. ఇల్లు మాత్రము కట్టిన నాటినుండి మరమ్మతు కోరుచునే యుండును. ద్వారబంధము అడుగున చెదలు పట్టును. వానకాలమున తలుపు ఉబ్బి మూతపడదు. దూలమునుండి పుప్పి రాలును. అట్టి సమయమున గృహస్థునకు డబ్బుకంటె ముందు కావలసినది నమ్మదగిన మాట. ఇరుగుపొరుగువారు తలకొక సలహా చెప్పుదురు. కొయ్య అమ్మువాడు తనయొద్ద నున్న కొయ్యయే మేలైనదనును. తప్పు సలహా విని వేసిన దూలము కొలదికాలమునకే పుచ్చిపోయినచో నష్టము ధనముతో నిలువదు. ఆ దూలము క్రిందనే పిల్లలు నిద్రించుచుందురు గదా!

మన తర్కశాస్త్రము ఆప్తవాక్యమును ప్రమాణములలో ఒకటిగా చెప్పినది. విషయమును యథార్థముగా ఎరిగి, ఎరిగినది ఎరిగినట్లు చెప్పువాడే ఆప్తుడు. కొయ్యపనిలోను, ఇంటి మరమ్మతులోను అట్టి ఆప్తుని కొరకు మానవుడు ఎట్లు వెదకెనో, ఆ వెదకుటలో గ్రంథములు ఎంతవరకు తోడ్పడినవో తెలిసికొనుట గృహస్థులందరకును ప్రయోజనకరము.

వంశవిద్య

పూర్వకాలమున కొయ్యపని వంశవిద్య. తండ్రి బాడిస పట్టగా కుమారుడు చూచి నేర్చెను. ఏ మ్రాను ఎప్పుడు నరుకవలెనో, చేవ ఎంత కలదో, పగులు ఎటు పారునో వడ్రంగి చేతికిని కంటికిని తెలిసియుండెడిది. గ్రామమున తరతరములుగ నున్న వడ్రంగి, తాను చేసిన తలుపును ప్రతిదినము చూచుచుండెడివాడు. పని చెడినచో సమాధానము చెప్పవలసినవాడు అతడే. ఆ కారణముచేత అతని మాటకు విలువ యుండెను.

ఈ విద్యలో కొంత సంస్కృత గ్రంథములకును ఎక్కినది. క్రీస్తుశకము ఆరవ శతాబ్దివాడగు వరాహమిహిరుడు బృహత్సంహితయందు గృహనిర్మాణమునకు ఒక అధ్యాయమును, విగ్రహములకు వలయు కొయ్యను అడవిలో ఎన్నుకొను విధమునకు మరియొక అధ్యాయమును కేటాయించెను. శ్మశానమున పెరిగిన చెట్టు, పుట్టపై పెరిగిన చెట్టు, పిడుగు పడినది, నిప్పు సోకినది, గాలికి కూలినది పనికిరావని అందు చెప్పబడినది. శ్మశానపు చెట్టును విడుచుట విశ్వాసమునకు సంబంధించిన విషయము. పుట్ట చెదపురుగుల నివాసము కనుక ఆ చెట్టును విడుచుట అనుభవమునకు సంబంధించినది. ఈ రెండును ఒకే వరుసలో, ఒకే ఆజ్ఞగా వ్రాయబడుటచేత దేనికి కారణ మేమో చదువరికి తెలియదు.

ఆ గ్రంథముననే వజ్రలేపమను పూతను చేయు విధము కలదు. పచ్చి వెలగకాయలు, బూరుగుపూవులు మున్నగువానిని నీట కాచి, ఎనిమిదవ వంతు మిగులువరకు ఇగురబెట్టి, గుగ్గిలము వంటి బంకలను కలుపవలెనని చెప్పి, ఆ పూత కోటియేండ్లు నిలుచునని ఆచార్యుడు వ్రాసెను. కోటియేండ్లు వేచి చూచినవారు లేరు. ఇది ఆచార్యుని తక్కువ చేయుట కాదు. ఒక మాటను పరీక్షించి నిలబెట్టు సాధనము ఆనాడు ఏ దేశమునను ఏర్పడలేదని మాత్రమే దీని భావము.

గ్రంథమున కెక్కిన పనితనము

ఐరోపాలోను పనివారి సంఘములు తమ కిటుకులను పైవారికి పొక్కనీయక కాపాడుకొనుచుండెను. ఇట్టి స్థితిలో 1678లో లండను నగరమున జోసెఫ్ మాక్సన్ అను ముద్రాపకుడు కమ్మరము, తలుపులు కిటికీలు చేయు పని, ఇండ్ల కొయ్యపని, తరిమెన పని మొదలగువానిని వివరించుచు భాగములు భాగములుగా ఒక గ్రంథమును ప్రకటింప మొదలిడెను. ఆంగ్లభాషలో చేతిపనులను బొమ్మలతో సామాన్యునకు బోధించిన తొలి గ్రంథములలో ఇది ముఖ్యమైనది. ఆ సంవత్సరమే రాయల్ సొసైటీ ఆయనను సభ్యునిగా ఎన్నుకొనెను. చేతి నేర్పు మాటలచేత రాదనియు, అభ్యాసముచేతనే వచ్చుననియు మాక్సన్ దాపరికము లేక చెప్పెను. తన గ్రంథము చేయజాలని దానిని తానే చెప్పుకొనిన రచయితను నమ్మవచ్చును.

మాక్సన్ వృత్తిచేత వడ్రంగి కాడు. పనివారిని చూచి వ్రాసెను. దాదాపు నూరేండ్ల పిదప వడ్రంగియే కలము పట్టెను. పారిసు నగరవాసి ఆండ్రే జాకబ్ రూబో వడ్రంగి కుమారుడు, తానును వడ్రంగి. పగలు పనిచేయుచునే గణితమును, చిత్రలేఖనమును అభ్యసించి, 1769 మొదలు కొయ్యపనినిగూర్చి ఒక బృహద్గ్రంథమును వెలువరించెను. మూడువందల ఎనుబదికి పైగా పటములు గల ఈ గ్రంథమును ఫ్రాన్సుదేశపు విజ్ఞాన పరిషత్తు ప్రకటించెను. చేసి చూచినవాడే వ్రాయుటచేత ఆప్తవాక్యము ఇచట మరియొక మెట్టెక్కినది.

అయినను ఒక లోటు మిగిలెను. ఈ గ్రంథములు పని చేయు విధమును చక్కగా చెప్పినవి. ఏ కొయ్య ఎన్నియేండ్లు నిలుచును, ఏ పూత నిజముగా కాపాడునన్న ప్రశ్నలకు మాత్రము అలవాటే సమాధానము.

కొయ్యల శ్మశానము

రైలుమార్గములు ఈ ప్రశ్నకు తొందర కలిగించినవి. పట్టాల క్రింది దిమ్మెలు నేల తేమకు పుచ్చుచుండగా, 1838లో జాన్ బెథెల్ అను ఆంగ్లేయుడు తారునుండి తీసిన క్రియోసోటు నూనెను ఒత్తిడిచేత కొయ్యలోనికి ఎక్కించు విధానమునకు హక్కుపత్రము పొందెను. అది దిమ్మెలకు బాగుగ పనిచేసెను. కాని దాని వాసనను ఇంటిలో భరించుట కష్టము; దానిపై రంగు నిలువదు.

1906లో డెహ్రాడూనునందు అటవీ పరిశోధనాలయము ఏర్పడెను. 1910లో అమెరికాలోని మాడిసన్ నగరమున కొయ్యపై పరిశోధనకు ఒక ప్రయోగశాల వెలసెను. వీనియందు అనుసరించిన ఒక పరీక్షకు "శ్మశాన పరీక్ష" అని పేరు. డెహ్రాడూనులో 60 సెంటీమీటర్ల పొడవు, 5 సెంటీమీటర్ల వెడల్పు, అంతే మందము గల కొయ్యముక్కలను సగమువరకు నేలలో పాతి, చెదలకును బూజునకును విడిచి, కాలక్రమమున పరిశీలించుచు లెక్క వ్రాసిరి. సగటున 120 నెలలు గాని అంతకు మించి గాని నిలిచిన కొయ్య మొదటి తరగతి. 60 నెలలు మొదలు 120 నెలల లోపు నిలిచినది రెండవ తరగతి. 60 నెలలైన నిలువనిది మూడవ తరగతి. టేకుచేవ మొదటి తరగతికి చెందగా, మామిడి, బూరుగు మూడవ తరగతికి చేరినవి. టేకైనను చేవలేని తెల్లని పైభాగమునకు ఆ బలము లేదు. టేకు అను పేరునకు మాత్రమే వెల చెల్లించి, తెల్లకొయ్యతో గుమ్మము చేయించుకొనువాడు మోసపోవుచున్నాడు.

ఇట్లు కొయ్యనుగూర్చిన సలహాకు మొదటిసారి లెక్క తోడయ్యెను. ఆ లెక్కను ఎవరైనను తిరిగి పరీక్షింపవచ్చును.

తెలుగువాని కానుక

డెహ్రాడూను పరిశోధనాలయముననే 1933లో తెలుగువాడగు శొంఠి కామేశము ఒక గొప్ప విషయమును సాధించెను. రాగి లవణము బూజును, ఆర్సెనిక్ అను పాషాణము చెదలను చంపునని అంతకుముందే తెలియును. కాని నీట కరగు మందులు వానకు కొట్టుకొనిపోవుచుండెను. కామేశము వానికి క్రోమియము లవణమును చేర్చెను. దానిచేత మందు కొయ్యకు అంటుకొని కడిగినను పోకుండ నిలిచెను. ఆర్సెనిక్, రాగి అను రెండింటి రసాయన సంకేతములను కలిపి ఈ మందునకు "ఆస్కూ" అని పేరిడిరి. దీనిచేత చౌకకొయ్యయు దీర్ఘకాలము నిలువసాగెను. తంతిస్తంభములకు, వంతెనలకు, ఇండ్లకు ఈ జాతి మందు ప్రపంచమంతట వాడుకలోనికి వచ్చెను. అమెరికాలోని మిసిసిపి రాష్ట్రమున 1938 మొదలు జరిగిన పాతిపెట్టు పరీక్షలలోను ఇది దశాబ్దములతరబడి నిలిచెను.

దిద్దుకొనిన మాట

కథ ఇచట ముగిసినచో సంతోషమే. కాని ఆర్సెనిక్ విషము. ఆ కొయ్యను తాకు పిల్లల చేతులకును, దాని చుట్టునున్న మట్టికిని కొంత విషము చేరుచున్నదని తరువాత పరిశోధనలు తెలిపినవి. 2003 చివరతో అమెరికాలో నివాసగృహముల పనులలో చాలవానికి ఈ మందు పట్టించిన కొయ్యను తయారుచేయుట మానిరి. ఆ కొయ్యను పొయ్యిలో కాల్చరాదు. దాని పొగయు బూడిదయు అపాయకరములు. కామేశము చెప్పినది అసత్యము కాదు. కొయ్య నిలుచునన్నాడు, నిలిచినది. ఆనాడు ఎవరును గట్టిగా అడుగని ప్రశ్నను తరువాతి తరము అడిగినది.

తక్కిన విషయములలోను ఇట్లే జరిగెను. సీసపు తెల్లరంగును అవిసెనూనెతో కలిపి తలుపులకు వేయుడని పాత గ్రంథములు బోధించెను. సీసము పిల్లల మెదడునకు హాని చేయునని తేలిన పిమ్మట అమెరికాలో 1978లో ఇంటిరంగులయందు దానిని నిషేధించిరి. మన దేశమున 2016లో చేసిన నియమములచేత 2017 నవంబరు మొదలు ఇంటిరంగులలో సీసము పదిలక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదు. పాత తలుపును గీకి రంగు మార్చుకొనువారు ఈ విషయమును మరువరాదు. పొడిగా గీకినచో ఆ ధూళి ఇల్లంత వ్యాపించును. తడిపి గీకి, పిల్లలను దూరముగ నుంచి, ముక్కునకు తగిన ముసుగు ధరించి, పిదప నేలను తడిగుడ్డతో తుడువవలయును. చెదలకు ఒకనాడు విరివిగా వాడిన ఆల్డ్రిను, క్లోర్డేను, హెప్టాక్లోరు మందులను 2001 నాటి స్టాక్‌హోము ఒప్పందము నిషిద్ధవస్తువుల పట్టికలో చేర్చినది. మన జాతీయ భవననిర్మాణ నియమావళియు 1970లో వెలువడి, 1983, 2005, 2016 సంవత్సరములలో సవరింపబడినది.

ఈ చరిత్రవలన తేలున దేమి? సలహా చెప్పువానిని మూడు ప్రశ్నలు అడుగవలయును. ఈ పని నీవు చేసి చూచితివా, లేక విన్నావా? ఎన్నియేండ్లు నిలుచునో ఎవరు, ఎట్లు పరీక్షించిరి? ఈ మాట ఏ సంవత్సరము నాటిది, దానిని తరువాత ఎవరైన దిద్దిరా? మొదటి ప్రశ్నకు ఊరి వడ్రంగి సమాధానము చెప్పగలడు. తక్కిన రెండింటికి గ్రంథమును ఆశ్రయింపవలసినదే. వడ్రంగిని విడిచి గ్రంథమునే నమ్మినవాడు చేయి కోసికొనును. గ్రంథమును విడిచి నోటిమాటనే నమ్మినవాడు నిషేధించిన విషమును ఇంట చల్లుకొనును.

కనుక గ్రంథాలయమున వడ్రంగము, గృహనిర్మాణము, మరమ్మతులను గూర్చిన పుస్తకములుండుట ఎంత అవసరమో, వానిలో క్రొత్త ముద్రణములుండుట అంతకంటె అవసరము. పాతవానిని పారవేయ నక్కరలేదు. అతుకులు, కొలతలు, పనిముట్ల వాడుక వానిలోనే చక్కగా దొరకును. మందులు, రంగులు చెప్పిన పుటలను చదువునప్పుడు మాత్రము ముద్రించిన సంవత్సరము చూచుకొనవలయును. పుస్తకము తెరవగానే చదువరి తొలుత ఆ సంవత్సరమును చూచుట అలవాటు చేసికొనినచో, ఊరిలో ఎన్నియో ఇండ్లు సురక్షితముగ నుండును.