ఒంటి గొంతు ప్రసారం: రేడియో నుండి పాడ్‌కాస్ట్ దాకా



ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం రాయమని సంపాదకులు అడిగినప్పుడు పే కమిషన్ల చరిత్ర రాద్దామనుకున్నాను. ఇంతలో ఒక మిత్రుని నుండి ఫోన్ వచ్చింది. ఆయనా నేనూ ఒకే సెక్షన్‌లో పదకొండేళ్లు పక్కపక్క సీట్లలో పనిచేశాం. నీటికాసుల జబ్బు వల్ల ఆయనకు రెండేళ్లుగా చూపు దాదాపు పోయింది. "మన సంచిక వచ్చిందండీ. కవరు చించి, కాగితం వాసన చూసి, బల్ల మీద పెట్టాను" అన్నారు. మొదటి పేజీ నుండి చివరి పేజీలోని శ్రద్ధాంజలి దాకా వదలకుండా చదివే మనిషి ఆయన. ఆ మాట నన్ను రెండు రోజులు నిద్రపోనివ్వలేదు.

మా మనవరాలితో చెబితే, "తాతయ్యా, మీరే చదివి పాడ్‌కాస్ట్ చెయ్యండి. ఆ తాతగారు ఫోన్‌లో వింటారు" అంది. కొత్త కాగితం వస్తే పాత ఫైలు జతచేయకుండా నోట్ పెట్టే అలవాటు నాకు లేదు. కనుక ముందు ఈ పాడ్‌కాస్ట్ పూర్వాపరాలు తెలుసుకున్నాను. తరువాత ఒంటరిగా చేసి చూశాను. ఆ రెండూ ఇక్కడ మనవి చేస్తున్నాను.

గొంతు నిలిచిన కథ

మనిషి గొంతును పట్టి మళ్లీ వినిపించే యంత్రాన్ని ఎడిసన్ 1877లో తయారుచేశాడు. మన దేశంలో ఆ విద్య పాటలకే కాక సర్కారు పనికి కూడా ఉపయోగపడింది. ఐ.సి.ఎస్. అధికారి గ్రియర్సన్ నడిపిన భారత భాషల సర్వేకు తోడుగా 1913 - 1929 మధ్య వివిధ భాషల వారి మాటలను గ్రామఫోన్ రికార్డులు తీయించారు. మద్రాసు రాష్ట్రంలో తీసినవాటిలో తెలుగు కూడా ఉంది. సుమారు వందేళ్ల నాటి ఆ గొంతులు ఇప్పుడు ఇంటర్నెట్‌లో వినవచ్చు. ప్రభుత్వ రికార్డు అంటే కాగితమేననుకొని ముప్ఫై ఎనిమిదేళ్లు పనిచేసిన నాకు ఇది కొత్త సంగతి.

తరువాత రేడియో వచ్చింది. 1924లో మద్రాసులో కొందరు ఉత్సాహవంతులు రేడియో క్లబ్బు పెట్టి ప్రసారాలు మొదలుపెట్టారు. 1927లో బొంబాయిలో ఒక ప్రైవేటు కంపెనీ కేంద్రం వెలసి, కొన్నేళ్లకే నష్టపోయి మూతపడింది. ప్రభుత్వమే పూనుకోగా 1936లో 'ఆల్ ఇండియా రేడియో' అనే పేరు స్థిరపడింది. 1938లో మద్రాసు కేంద్రం రాగా తెలుగు మాట ఆ దారిన మన ఇళ్లకు చేరింది. అటు నిజాం రాజ్యంలో డెక్కన్ రేడియో ఉండేది. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం ప్రారంభమైంది. 1950లో డెక్కన్ రేడియో ఆలిండియా రేడియోలో కలిసింది. రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్యగా పేరుపొందిన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతుల గొంతులు మన తరం వారు మరచిపోగలరా?

అయితే ఆ రోజుల్లో ఒక గొంతు గాలిలోకి వెళ్లాలంటే భవనం, స్టూడియో, ట్రాన్స్‌మిటరు, ఇంజనీర్లు అన్నీ కావాలి. అద్దానికి ఇవతల మాట్లాడే మనిషి, అవతల మీటర్లు చూసే మనిషి. టేపు మీద తప్పు దొర్లితే బ్లేడుతో ఆ ముక్క కోసి, రెండు కొసలూ అతికించేవారు. వినేవారికీ నిబంధనలుండేవి. పోస్టాఫీసులో ఏటా రుసుము కట్టి లైసెన్సు పుస్తకంలో స్టాంపు అంటించుకొని రావడం మా నాన్నగారు నాకు అప్పగించిన మొదటి సర్కారు పని.

1963లో ఫిలిప్స్ కంపెనీ క్యాసెట్ తెచ్చింది. దానితో రికార్డు చేసుకోవడం ఇంటి పని అయింది. కానీ పదిమందికి పంపాలంటే పది క్యాసెట్లు కావాలి. ఆ చిక్కు తీర్చినవి రెండు. మొదటిది ఎం.పి.3. జర్మనీలోని ఫ్రౌన్‌హోఫర్ సంస్థ శాస్త్రజ్ఞులు ప్రధాన పాత్ర వహించిన ఈ పద్ధతిలో, మన చెవి ఎటూ పట్టుకోలేని ధ్వనులను వదిలేసి ఫైలును చిన్నది చేస్తారు. ఆ పేరు 1995లో స్థిరపడింది. రెండవది ఆర్.ఎస్.ఎస్. అనే జాబితా. ఇది మన డిస్పాచ్ రిజిస్టరు వంటిది. కొత్త భాగం తయారైనప్పుడల్లా అందులో ఒక పద్దు చేరుతుంది. వినేవారి ఫోన్‌లోని ఆప్ వేళకు వచ్చే బంట్రోతులా ఆ రిజిస్టరు చూసి, కొత్త పద్దు ఉంటే పట్టుకుపోతుంది. 2000 చివరలో డేవ్ వైనర్ అనే అమెరికన్ ఈ జాబితాలో ధ్వని ఫైలును జతపరిచే ఏర్పాటు చేశాడు. ఆడమ్ కర్రీ అనే వ్యాఖ్యాత దానిని ప్రచారంలోకి తెచ్చాడు. 2004 ఫిబ్రవరిలో ఇంగ్లండులోని గార్డియన్ పత్రికలో బెన్ హామర్‌స్లీ అనే విలేఖరి ఐపాడ్, బ్రాడ్‌కాస్ట్ మాటలు కలిపి 'పాడ్‌కాస్ట్' అన్నాడు. 2005 జూన్‌లో యాపిల్ కంపెనీ తన ఐట్యూన్స్‌లో దీనికి చోటివ్వడంతో మాట స్థిరపడిపోయింది. ఐపాడ్ తయారీ 2022లో ఆగిపోయినా పేరు మాత్రం మిగిలింది.

నా వల్ల జరిగిన పొరపాటు

ఇది చెప్పుకోవడానికి కష్టంగా ఉన్నా చెప్పక తప్పదు. నేను ఉద్యోగంలో చేరినప్పుడు నాకు ముసాయిదా రాయడం నేర్పిన హెడ్ గుమాస్తాగారు ఒకరుండేవారు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు ఆయనను సహాయ కార్యక్రమాల పనికి అక్కడకు పంపారు. ఇంటి పేర్లతో సహా తుడిచిపెట్టుకుపోయిన కుటుంబాల జాబితాలు ఆయన చేతితో రాశారు. 2019లో ఆయనకు ఎనభై అయిదేళ్లు. నేను వెళ్లి, ఫోన్‌ను బల్ల మీద పెట్టి, గంటన్నర సేపు ఆ సంగతులన్నీ చెప్పించాను. పైన ఫ్యాను తిరుగుతోంది. వంటింట్లో కుక్కరు కూత వేస్తోంది. ఆయనది అసలే మెల్లని గొంతు.

ఇంటికి వచ్చి వింటే ఫ్యాను హోరు తప్ప ఏమీ లేదు. మళ్లీ వెళదామనుకుంటూ నెలలు గడిపాను. 2020లో ఆయన కాలం చేశారు. ఆ గంటన్నరలో మాట తెలిసేది పదకొండు నిమిషాలు. మంచి ధ్వని అనేది సోకు కోసం కాదని నాకు అప్పుడు అర్థమైంది. ఆయన సర్వీసు రిజిస్టరు ఏ రికార్డు గదిలోనో ఉండే ఉంటుంది. ఆయన చెప్పిన మాట మాత్రం నా అజాగ్రత్త వల్ల పోయింది.

ఒంటరిగా చేసే పద్ధతి

అందువల్ల ఈసారి పని జాగ్రత్తగా నేర్చుకున్నాను. సభ్యులకు ఉపయోగపడుతుందని క్రమంగా రాస్తున్నాను.

ముందు గది. ఖరీదైన మైకు కంటే మంచి గది ముఖ్యం. ఖాళీ గోడలున్న గదిలో మాట గోడకు తగిలి తిరిగివస్తుంది. పరుపు, దుప్పట్లు, తెరలు, బట్టలున్న గదిలో ఆ ప్రతిధ్వని అణిగిపోతుంది. నేను మా ఇంటి పడకగదిలో, చీరల బీరువా తలుపులు రెండూ బార్లా తెరిచి, దాని ఎదుట కూర్చుంటాను. మా ఆవిడ మొదట నవ్వింది గానీ ఇప్పుడు తానే తెరిచిపెడుతోంది. ఫ్యాను తప్పనిసరిగా ఆపాలి. తెల్లవారుజామున అయిదు గంటలకు వీధి నిశ్శబ్దంగా ఉంటుంది, ఉక్కపోత కూడా తక్కువ.

తరువాత మైకు. చొక్కాకు తగిలించుకునే తీగ మైకు కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. చేతి మైకైతే నోటికి జానెడు దూరంలో, కొంచెం పక్కకు ఉంచాలి. సూటిగా ఉంటే 'ప', 'భ' అక్షరాల దగ్గర గాలి తగిలి దబ్బుమని మోగుతుంది. రికార్డింగు మీటరులో మాట మైనస్ 12 ప్రాంతంలో ఆడుతూ, గట్టిగా అన్నప్పుడు కూడా మైనస్ 6 దాటకుండా చూసుకోవాలి. సున్నాకు తగిలితే ధ్వని పగులుతుంది. దానిని తరువాత బాగుచేయడం దాదాపు అసాధ్యం. ముందు పది సెకన్లు రికార్డు చేసి, చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకొని విన్న తరువాతే అసలు పని మొదలుపెట్టాలి.

చదవడంలో మన గుమాస్తాల జబ్బు ఒకటి ఉంది. "పై విషయమును పురస్కరించుకొని తెలియజేయునదేమనగా" అన్న ధోరణి చెవికి ఎక్కదు. వాక్యం చిన్నది చేసి, ఎదురుగా ఒక మనిషి కూర్చున్నట్లు చెప్పాలి. నేను ఆ మిత్రుణ్ణే ఎదుట ఊహించుకుంటాను. తప్పు దొర్లితే ఆపనక్కరలేదు. ఒక చప్పట్లు కొట్టి, ఆ వాక్యాన్ని మొదటి నుండి మళ్లీ చదవాలి. తరువాత కంప్యూటరులో చూస్తే చప్పట్లు కొట్టిన చోట గీత నిటారుగా లేచి ఉంటుంది కనుక కోయవలసిన చోటు ఇట్టే తెలుస్తుంది. ఈ కోత పనికి ఆడాసిటీ అనే ప్రోగ్రాము ఉంది. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో పుట్టి, 2000లో అందరికీ ఉచితంగా విడుదలైంది. ఒకప్పటి బ్లేడు, అతుకు పనంతా ఇందులో వేలితో జరుగుతుంది. చివర అర నిమిషం మాట్లాడకుండా గది నిశ్శబ్దాన్ని కూడా రికార్డు చేయండి. అతుకుల మధ్య అది పెడితే వినేవారికి తేడా తెలియదు.

అసలు ప్రతిని డబ్ల్యు.ఎ.వి. ఫైలుగా భద్రపరచాలి. అది ఒకే చానల్ అయితే నిమిషానికి సుమారు 5 ఎం.బి. ఉంటుంది. పంపే ప్రతిని ఎం.పి.3గా మార్చాలి. 64 కిలోబిట్ల మోనో అయితే అరగంట భాగం 15 ఎం.బి. లోపే. మాటకు అది సరిపోతుంది. అసలు ప్రతికి రెండు నకళ్లు తీసి, ఒకటి వేరే ఇంట్లో ఉంచండి. ఇంటర్నెట్‌లో పెట్టడానికి ఉచిత సేవలు ఉన్నాయి. సినిమా పాటలు వెనుక మోగించవద్దు, వాటికి హక్కుదారులుంటారు. ఎవరి మాట రికార్డు చేసినా వారి అనుమతి ముందే తీసుకోవాలి. అందరికీ వినిపించడం ఇష్టం లేనివారు కుటుంబానికి మాత్రమే పంపుకోవచ్చు.

గత సంచిక మొత్తం మూడు భాగాలుగా చదివాను. మిత్రునికి ఆప్ వెతుక్కోవడం కష్టమని ఫైళ్లు నేరుగా ఆయన ఫోన్‌కు పంపాను. వాళ్ల కోడలు పెట్టి వినిపించింది. మరునాడు ఆయన ఫోన్ చేశారు. మెచ్చుకుంటారనుకున్నాను.

"బాగుందండీ. కానీ శ్రద్ధాంజలి పేర్లు మరీ వేగంగా చదివేశారు. మనవాళ్లు కదా, ఒక్కొక్కరి దగ్గర కొంచెం ఆగండి" అన్నారు.

ఆ భాగం మళ్లీ రికార్డు చేశాను. ఒక్కొక్క పేరు తరువాత గది నిశ్శబ్దం రెండు సెకన్లు ఉంచాను. హెడ్ గుమాస్తాగారి పదకొండు నిమిషాలు కూడా శుభ్రం చేసి, వారి కుటుంబం అనుమతితో చివర చేర్చాను.

సభ్యులకు నా విన్నపం ఒక్కటే. మీ ఇంట్లో పెద్దవారుంటే, మీరే పెద్దవారైతే, ఈ నెలలోనే ఒక తెల్లవారుజామున ఫ్యాను ఆపి కూర్చోండి.

సెలవు.