కంటి చుట్టూ చర్మానికి ఎండ రక్షణ (గోదావరి డెల్టా)

కనురెప్పల చర్మం శరీరమంతటిలోకీ పలుచనిది. మందం ఒక మిల్లీమీటరులోపే. ఎండలోని అతినీలలోహిత కిరణాలు దానిలోని కొలాజెన్‌ను, ఎలాస్టిన్‌ను ఏళ్ల తరబడి దెబ్బతీస్తాయి. ముడతలు, నల్లమచ్చలు, అరుదుగా క్యాన్సర్ దీని ఫలితాలు.

డెల్టా పరిస్థితి: రాజమహేంద్రవరం దాదాపు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. వేసవి మధ్యాహ్నాల్లో ఇక్కడ అతినీలలోహిత సూచిక 11 దాటుతుంది. 3 నుంచే రక్షణ అవసరం. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక విస్తరించిన వరి సాగులో సార్వా, దాళ్వా నాట్లు, కోతలు ఆరుబయటి పనులే. నాట్లు వేసే కూలీలకు, భీమవరం చెరువుల మీద పనిచేసేవారికి పైనుంచి పడే ఎండతోపాటు నీటి మీద నుంచి తిరిగొచ్చే వెలుగూ తగులుతుంది. అంతర్వేది తీరంలో పొడి ఇసుక దాదాపు 15 శాతం, సముద్రపు నురగ 25 శాతం కిరణాలను వెనక్కి పంపుతాయి. చామనఛాయ కొంతవరకే కాపాడుతుంది. పలుచని మబ్బు కిరణాలను పూర్తిగా ఆపలేదు.

రక్షణ: వెడల్పు అంచు టోపీ లేదా తాటాకు గొడుగు నీడనిస్తుంది, తలపాగా ఒక్కటే కళ్లకు చాలదు. పక్కలు కూడా మూసే, యూవీ 400 గుర్తున్న అద్దాలు మేలు. ఆ గుణం లేని నల్లద్దాల వెనుక కంటిపాప విప్పారి మరిన్ని కిరణాలు లోపలికి చేరవచ్చు. జింక్ ఆక్సైడ్ ఉన్న, ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని క్రీమును రెప్పవెంట్రుకలకు తగలకుండా రాసి, రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. మధ్యాహ్నపు పనిని ఉదయానికి జరపడం అన్నిటికన్నా మంచిది. ఈ వెసులుబాటు కూలీలకు కల్పించడం పని ఇచ్చేవారి బాధ్యత.

హెచ్చరిక లక్షణాలు: మానని పుండు, మళ్లీ మళ్లీ వచ్చే గడ్డ, ఒకేచోట రాలిపోయే రెప్పవెంట్రుకలు కనిపిస్తే వెంటనే కంటి వైద్యులకు చూపించాలి.