కాటమయ్యకు ఒక లొట్టి

తాటిచెట్టు కింద కూర్చుని పాలు తాగినా కల్లే అంటారని సామెత. ఆ మాట వచ్చినప్పుడల్లా మనం పాలు తాగినవాడి మీదే జాలిపడతాం, పాపం అనవసరంగా నిందపడ్డాడని. అదే చెట్టు మీద ఇంకో మనిషి ఉంటాడనీ, అరవై డెబ్బై అడుగుల ఎత్తున ఒక తాడుకు నడుము ఆన్చి, రెండు చేతులూ వదిలేసి పని చేసుకుంటూ ఉంటాడనీ మనకు గుర్తే రాదు.

ఆ మనిషికి ఒక దేవుడున్నాడు. వాడుకపేరు కాటమయ్య. పెద్దపేరు కంఠమహేశ్వరస్వామి. హాలాహలాన్ని మింగకుండా, ఉమ్మకుండా గొంతులోనే ఆపుకున్న శివుడన్నమాట. పక్కన దేవేరి సురమాంబ. గొంతులో విషం నిలుపుకున్న అయ్య, పేరులోనే సుర పెట్టుకున్న అమ్మ! కల్లుగీసి బతికే గౌడులు ఈ జంటను ఇలవేల్పుగా ఎంచుకోవడంలో ఎంత లోకజ్ఞానం ఉందో చూడండి. తాము చేసే వస్తువుతో ఎంతవరకు మంచో, ఎక్కడ ఆగాలో దేవుడి పేరులోనే చెప్పుకున్నట్టుంది.

మా దిల్‌సుఖ్‌నగర్ నుంచి విజయవాడ రోడ్డు పట్టుకుని ఎల్.బి. నగర్, హయత్‌నగర్, పెద్ద అంబర్‌పేట దాటితే అబ్దుల్లాపూర్‌మెట్ వస్తుంది. బస్సు కిటికీలోంచి చూస్తే ఫిల్మ్‌సిటీ బోర్డులు, ప్లాట్లు అమ్ముతాం అనే రంగురంగుల జెండాలు. వాటి మధ్య అక్కడక్కడా తాళ్ళు, ఈదులు. ఆ చెట్లున్నచోట గౌడులున్నారు, గౌడులున్నచోట కాటమయ్య పండుగ ఉంది. దాని తేదీ మన గోడమీది కాలెండరులో కనిపించదు. ఊళ్ళో కులపెద్దలు కూర్చుని వీలునుబట్టి నిర్ణయించుకుంటారు. ఆ రోజు ఆడవాళ్ళు కొత్తకుండలో అన్నం వండి, పసుపు పూసి, వేపమండలు చుట్టి, పైన దీపం పెట్టి బోనం ఎత్తుతారు. ముందు డప్పులు. మగవాళ్ళు మోకు, ముస్తాదు, కత్తి దేవుడి ముందు పెడతారు. మనం దసరాకు కుట్టుమిషనుకు బొట్టుపెట్టుకోమూ, అలాగన్నమాట. తర్వాత లొట్టిలోంచి కల్లు సాక పోస్తారు. నేలకు, దేవుడికి ఇచ్చాకే మనుషులకు.

మా ఇంట్లో సాయం చేసే ఆవిడ ఆ వైపు మనిషే. ఒకసారి రెండురోజులు సెలవడిగింది. "పండుగంటే తాగడమే కదా!" అన్నారు పక్కింటి పిన్నిగారు, ఆవిడ వినేలాగే. ఆవిడ గిన్నె కింద పెట్టి, "తాగుడు రోజు ఉండేదేనమ్మా, దానికి పండుగెందుకు? ఎక్కినోణ్ని మంచిగ దించు తండ్రీ అని మొక్కుతం. అంతే" అంది. పిన్నిగారు మారుమాట్లాడలేదు. నేనూ అంతే.

ఎక్కడమంటే ఏమిటో కాస్త చెప్పుకోవాలి. మోకు అంటే చెట్టునూ మనిషినీ కలిపి చుట్టే లావుతాడు. ముస్తాదు నడుముకు కట్టుకునేది, కత్తులు అందులో ఉంటాయి. పాదాలకు గుజి. ఈ మూడింటితో పైకి వెళ్ళి, గెలకొనను కత్తితో ఉల్లిపొర మందాన చెక్కి, లొట్టి తగిలించి రావాలి. ఒక్కరోజు మానేస్తే కోత ఎండి ధార ఆగిపోతుంది. అందుకని వర్షమైనా, ఒంట్లో నలతైనా చెట్టు ఎక్కక తప్పదు. తెల్లవారుజామున దిగే నీరు తియ్యగా ఉంటుంది, అదే నీరా. లొట్టిలో సున్నం పూస్తే ఆ తీపి నిలుస్తుంది. లేకపోతే గాలిలోని, కుండలోని సూక్ష్మజీవులు కొద్దిగంటల్లోనే పులియబెట్టి కల్లు చేస్తాయి. మర్నాటికి అది పుల్లటి నీళ్ళు. మన దోసెలపిండి సంగతే అనుకోండి, కాకపోతే ఈ పిండికోసం రోజూ ప్రాణం పణం పెట్టాలి.

ఈ వృత్తిలోంచి వచ్చినవాడే సర్వాయి పాపన్న. జానపదుల పాటలో తల్లితో కులవృత్తి చెయ్యనని తెగేసి చెబుతాడు. మందిని కూడగట్టి 1708లో వరంగల్ మీద పడ్డాడు, తర్వాత భువనగిరి మీద. 1710లో మొగలు సేనలు పట్టి చంపాయి. మొగలుల చరిత్రకారుడు ఖాఫీఖాన్‌కు అతను దోపిడీదొంగ. పాట పాడేవాళ్ళకు వీరుడు. ఎనిమిదిమంది జీవితాలతో దక్కను చరిత్ర చెప్పిన రిచర్డ్ ఈటన్ అందులో ఒక అధ్యాయం కాకతీయ ప్రతాపరుద్రుడికి ఇచ్చి, ఒకటి పాపన్నకు ఇచ్చాడు. చెట్టెక్కినవాడికి రాజు పక్కన పీట దక్కడం చిన్నవిషయమా?

ఇంత దూరంలో ఉన్న మన కల్లుకు, అమెరికాలో ఇటలీవాళ్ళ ద్రాక్షసారాకు ఒక చుట్టరికం కనిపిస్తుంది నాకు. 1920 నుంచి 1933 దాకా అక్కడ మద్యనిషేధం. అయినా ఇంట్లో పండ్లరసం చేసుకోవడానికి చట్టంలో ఒక సందు ఉంది. ఏడాదికి ఇంటికి 200 గాలన్లు, అంటే దాదాపు 750 లీటర్లు. ఇంకేం, కాలిఫోర్నియా నుంచి న్యూయార్కుకు రైలుపెట్టెల నిండా ద్రాక్షపళ్ళు! నేలమాళిగల్లో తాతలు పీపాలు నింపారు. ఇప్పటికీ ఆ మనవలు కొన్ని ఊళ్ళలో ఏడాదికోసారి ఇంట్లో చేసిన సీసాలు తెచ్చి, ఎవరిది బాగుందో రుచి చూసుకుని పండుగ చేసుకుంటారు. వలసవచ్చిన బీదవాళ్ళు పుట్టినూరిని సీసాలో దాచుకున్నారు. అదే కాలంలో అంగట్లో దొంగచాటుగా అమ్మిన విషపుసారా తాగి ఎందరో చనిపోయారు, చూపు పోగొట్టుకున్నారు.

"తాగుడికి ఇన్ని కబుర్లా?" అని మీరు అడగవచ్చు. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో రోశమ్మ మొదలైన ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారు. ఆ మంట రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. తాళిబొట్లు తాకట్టుకు పోయిన ఆ కడుపుమంట మనందరిదీ. దాన్ని తక్కువచేసే ఉద్దేశం నాకు లేదు. అయితే కల్లులోనూ రెండు రకాలున్నాయి. ఈ చెట్టుది, ఈ చేతిది అని తెలిసిన కల్లు ఒకటి. ఎక్కడ తయారైందో తెలియకుండా మత్తుమందులు కలిసి వచ్చేది ఇంకొకటి. 2025 జులైలో కూకట్‌పల్లి వైపు కల్తీకల్లు తాగి కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. చెట్లు తగ్గి తాగేవాళ్ళు తగ్గకపోతే, మధ్యలోని ఆ ఖాళీని మందులపొడి పూడుస్తుంది. తాడిచెట్టు గీతకు రావడానికి పదిహేను ఇరవై ఏళ్ళు పడుతుంది. దాన్ని నరికి ప్లాటు చెయ్యడానికి ఒక పూట చాలు.

ఈ కథకు అబ్దుల్లాపూర్‌మెట్‌లోనే ఒక మంచి మలుపు దొరికింది. 2024 జులై 14న ఈ మండలంలోని లష్కర్‌గూడలో ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి గీతకార్మికులకు కొత్తరకం రక్షణ సామగ్రి పంచారు. కొండలెక్కేవాళ్ళు వాడేలాంటి తాళ్ళు, పట్టీలు, కొక్కేలు. కాలు జారితే మనిషి కింద పడకుండా పట్టి ఆపుతాయి. దాని పేరు కాటమయ్య రక్ష. పేరు పెట్టినవాళ్ళెవరోగానీ చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది. ఇన్ని తరాలుగా ఆడవాళ్ళు బోనమెత్తి అడిగిన వరం ఒక సంచిలో పెట్టి ఇచ్చినట్టయింది.

సంచి అందరికీ అందాలి, అందినవాళ్ళకు అలవాటు కావాలి. తాతలనాటి మోకును వదిలి కొత్తకొక్కేన్ని నమ్మడం అంత సులువేమీ కాదు. అందాకా, ఇంకా ఆ తర్వాతా, పండుగ సాగుతూనే ఉంటుంది. మా ఇంటికొచ్చే ఆవిడను మొన్న అడిగాను, "మీ ఆయనకు ఆ సంచి వచ్చిందా?" అని. "వచ్చిందమ్మా. కట్టుకునే ఎక్కుతుండు" అంది. "మరింక మొక్కక్కర్లేదుగా?" అన్నాను. నవ్వేసింది. "తాడు తాడే, మొక్కు మొక్కే. పొద్దుగూకేదాక ఇంట్ల కూసునేది నేను గద!"