తల్లి మీద వేసిన నేరం

మా వాడికి రెండున్నరేళ్ళప్పుడు, 2011 ఎండాకాలంలో, ఇక్కడ న్యూజెర్సీలో డాక్టరుగారు ఆటిజం అని తేల్చారు. ఆ సంగతి ఇండియాకి ఫోన్ చేసి చెప్పడానికి మాకు మూడు వారాలు పట్టింది. చెప్పాక అటునుంచి వచ్చిన మాటలు మీరెవరూ విననివి కావు. "మగపిల్లలకి మాటలు ఆలస్యంగానే వస్తాయిరా, నీకూ నాలుగో ఏడు వస్తేగాని రాలేదు" అంది అమ్మ. దిష్టి తీయించమన్నారు ఒకరు. మా దూరపు బంధువు ఒకాయన, స్వయానా డాక్టరు, ఇంకో మాటన్నారు. "అమ్మాయి ఉద్యోగం మానేసి ఇంటిపట్టున ఉంటే అదే సర్దుకుంటుందిలే. పిల్లాడితో మాట్లాడే మనిషి ఉండాలి కదా!"

ఫోన్ స్పీకర్ మీద ఉంది. మా ఆవిడ పక్కనే కూచుని వింది. తను ఏమీ అనలేదు. నేనూ ఏమీ అనలేదు.

నా వృత్తి గురించి ఒక మాట చెప్పాలి. కంపెనీల్లో ప్రోగ్రాములు పడిపోతే, ఎవరు ఏం మార్చడం వల్ల పడిపోయిందో వెతికి పట్టుకోవడం నా పని. ఇరవై ఏళ్ళుగా ఆ పని చేసేవాడికి ఇంట్లోనూ అదే బుద్ధి వస్తుంది. మా ఆవిడ ఏడో నెల దాకా ఆఫీసుకు వెళ్ళిందని, పిల్లాణ్ణి డే కేర్‌లో వేశామని, టీవీ ఎక్కువ చూపించామని లోపల్లోపల లెక్కలు కట్టాను. అంటే ఆ బంధువు పైకి అన్నది నేను మనసులో అనుకుంటూనే ఉన్నాను. ఆ లెక్క తేల్చుకోవడానికే మా ఊరి లైబ్రరీలో ఆటిజం పుస్తకాలు తిరగేయడం మొదలుపెట్టాను. తీరా చూస్తే, నేను వెయ్యబోతున్న నేరం అమెరికాలో పాతికేళ్ళపాటు పెద్ద పెద్ద డాక్టర్లు వేసి, చివరికి వెనక్కి తీసుకున్నదే.

ఆటిజం అనే మాటని 1911లో స్విట్జర్లాండు డాక్టరు బ్లాయిలర్ వాడాడు, అదీ స్కిజోఫ్రేనియా రోగులు తమలోకి తాము ముడుచుకుపోవడం గురించి. మాస్కోలో గ్రున్యా సుఖరేవా అనే డాక్టరమ్మ 1926లో ఆరుగురు మగపిల్లల గురించి జర్మన్ పత్రికలో రాసిన వ్యాసం, ఇవాళ చదివితే, ఆటిజం పిల్లల గురించేనని తెలిసిపోతుంది. కాని ఆవిణ్ణి లోకం పట్టించుకోలేదు. అందరూ మొదలని చెప్పేది 1943లో బాల్టిమోర్‌లో లియో కానర్ రాసిన వ్యాసం. అందులో పదకొండుమంది పిల్లలు. ఎనిమిదిమంది మగపిల్లలు, ముగ్గురు ఆడపిల్లలు.

మొదటి పిల్లవాడు మిసిసిపీ రాష్ట్రంలో ఫారెస్ట్ అనే చిన్న ఊరి డోనాల్డ్ ట్రిప్లెట్. నాలుగేళ్ళు నిండకుండానే, డాక్టర్ల సలహా మీద, ఇంటికి దూరంగా ఒక సంస్థలో పెట్టారు. ఏడాది గడిచాక తల్లిదండ్రులు మనసొప్పక వెనక్కి తెచ్చుకున్నారు. పిల్లాడి గురించి తండ్రి కానర్‌కి 33 పేజీల ఉత్తరం రాశాడు. ఆటిజం గురించిన శాస్త్రమంతా ఒక తండ్రి ఉత్తరంతో మొదలైందంటే అతిశయోక్తి కాదు.

నాకు బాగా నచ్చిన ఘట్టం ఆ తరవాతది. డోనాల్డ్‌ని కొన్నాళ్ళు ఒక రైతు దంపతుల దగ్గర ఉంచారు. పిల్లాడికి లెక్కపెట్టే పిచ్చి, కొలిచే పిచ్చి. ఆ రైతు వాటిని మాన్పించబోలేదు. మొక్కజొన్న సాళ్ళు లెక్కపెట్టుకుంటూ దుక్కి దున్నమన్నాడు. నుయ్యి తవ్వి, లోతు ఎంతో కొలిచి చెప్పమన్నాడు. చూసొచ్చిన కానర్ దీన్ని తరవాత మెచ్చుకుంటూ రాశాడు. పిల్లాడికి ఉన్న ఇష్టాన్నే పట్టుకుని పని నేర్పడమన్నది ఇవాళ ట్రెయినింగ్ క్లాసుల్లో చెబుతారు. ఆ రైతుకి ఎవరూ చెప్పలేదు. డోనాల్డ్ కాలేజీ చదివి, సొంత ఊళ్ళో బ్యాంకులో పనిచేసి, కారు నడిపి, దేశాలు తిరిగి, 2023లో 89వ ఏట పోయాడు.

కానర్ మొదటి వ్యాసంలోనే ఇది పుట్టుకతో వచ్చినదని రాశాడు. కాని అదే వ్యాసం చివర, ఈ పిల్లల తల్లిదండ్రుల్లో ఆప్యాయత చూపేవాళ్ళు తక్కువని కూడా ఒక మాట వేశాడు. ఆ మాట పెరిగి పెద్దదై 'రిఫ్రిజిరేటర్ తల్లులు' అనే పేరుగా మారింది. చల్లటి తల్లి, చలికి ముడుచుకుపోయిన బిడ్డ! దీన్ని ఊరూరా చాటినవాడు షికాగోలో బడి నడిపిన బ్రూనో బెటెల్‌హైమ్. నాజీల నిర్బంధ శిబిరాల్లో మగ్గి బయటపడ్డ మనిషి. 1967లో వచ్చిన తన పుస్తకంలో ఈ పిల్లల స్థితిని ఆ శిబిరాల్లోని ఖైదీల స్థితితో పోల్చాడు. అలా పోల్చినప్పుడు కాపలావాళ్ళ స్థానంలో ఎవరుంటారో వేరే చెప్పక్కర్లేదు. అందుకే చికిత్స అంటే బిడ్డని తల్లినుంచి వేరుచెయ్యడమే అయింది.

దీనికి ఎదురు తిరిగింది తల్లిదండ్రులే. బెర్నార్డ్ రిమ్‌లాండ్ శాన్ డియేగోలో నౌకాదళంలో పనిచేసే సైకాలజిస్టు. 1956లో పుట్టిన కొడుకుకి ఏమైందో ఏ డాక్టరూ చెప్పలేకపోతే, భార్య తన కాలేజీ పాఠ్యపుస్తకంలో ఇలాంటి పిల్లల గురించి ఎప్పుడో చదివానని గుర్తు చేసుకుని, గరాజ్‌లోని పాత పెట్టెల్లో వెతికింది. అక్కడినుంచి రిమ్‌లాండ్ దొరికిన ప్రతి పరిశోధనా చదివి, 1964లో పుస్తకం అచ్చువేశాడు. తల్లి ప్రేమ చాలకపోవడం దీనికి కారణమన్నదానికి ఆధారం లేదని, ఇది శరీరంలో, మెదడులో ఉన్న తేడా అని వాదించాడు. ముందుమాట రాసింది ఎవరనుకున్నారు? లియో కానరే. పుస్తకం వెనక ఒక ప్రశ్నావళి జతచేస్తే, దేశం నలుమూలలనుంచి తల్లులు దాన్ని నింపి పంపించారు. ఆ ఉత్తరాల పుణ్యాన మరుసటేడు, 1965లో, ఇక్కడే మా న్యూజెర్సీలో టీనెక్ అనే ఊళ్ళో తల్లిదండ్రులు కూడి జాతీయ సంఘం పెట్టుకున్నారు. ఆ ఊరి మీదుగా నేను ఏళ్ళ తరబడి ఆఫీసుకి వెళ్ళాను. తెలిస్తే ఒక్కసారైనా ఆగేవాణ్ణి.

1969లో వాషింగ్టన్‌లో ఆ సంఘం సభకి కానర్ వచ్చి, తల్లిదండ్రులుగా మీరు నిర్దోషులని అందరి ముందూ ప్రకటించాడు. అంత పెద్దాయన అలా ఒప్పుకోవడం మెచ్చుకోవలసిందే. కాని అప్పటికి ఎంతమంది తల్లులు ఆ నేరం మోసుకుని బతికారో! 1977లో ఇంగ్లండులో ఫోల్‌స్టైన్, రట్టర్ 21 కవల జంటల్ని పరిశీలించారు. ఒకే పోలిక కవలల్లో పదకొండు జంటలకి నాలుగింట్లో ఇద్దరికీ ఆటిజం ఉంది. వేరు పోలిక కవలల్లో పది జంటలకి ఒక్కదానిలోనూ ఇద్దరికీ లేదు. పెంపకం కాదు, పుట్టుక అన్న మాటకి అది గట్టి సాక్ష్యం. తరవాత 1998లో టీకాల మీద నెపం పెట్టిన వ్యాసం ఒకటి వచ్చి, 2010లో రద్దయింది. కారణం ఎవరో ఒకరి నెత్తిన పెడితేగాని మనిషికి నిద్రపట్టదు కాబోలు.

నేరం తల్లిది కాదని తేలాక, మరి ఏం నేర్పాలన్న ప్రశ్న వచ్చింది. ఎరిక్ షాప్లర్ షికాగోలో చదువుకుంటూ బెటెల్‌హైమ్ పద్ధతిని దగ్గరగా చూసి, పూర్తిగా తిరగబడ్డాడు. నార్త్ కరోలినాలో ఆయన మొదలుపెట్టిన 'టీచ్' కార్యక్రమం 1972లో రాష్ట్రమంతటికీ వ్యాపించింది. అందులో తల్లిదండ్రులు ముద్దాయిలు కారు, టీచరుతో సమానంగా పనిచేసేవాళ్ళు. ఈ పిల్లలకి చెవికంటే కన్ను చురుకని గమనించి, రోజంతా చెయ్యవలసిన పనుల్ని బొమ్మలుగా వరసలో పెట్టి చూపించడం ఆ పద్ధతికి ప్రాణం. లాస్ ఏంజిలెస్‌లో లోవాస్ వేరే దారి పట్టాడు. 19 మంది పిల్లలకి వారానికి 40 గంటలు విడివిడిగా నేర్పితే తొమ్మిదిమంది మామూలు బడిలో ఇమిడిపోయారని 1987లో రాశాడు. దాన్ని చదివి ఇళ్ళు తాకట్టుపెట్టిన తల్లిదండ్రులున్నారు. అదే లోవాస్ 1960లలో పిల్లల్ని కొట్టడం, కరెంటు షాకివ్వడం కూడా చేశాడని చదివినప్పుడు పుస్తకం మూసేశాను.

చట్టాలూ వచ్చాయి. 1975కి ముందు అమెరికాలో ఇలాంటి పిల్లల్ని బడి చేర్చుకోనంటే అడిగే దిక్కులేదు. ఆ ఏడు వచ్చిన చట్టం ప్రతి పిల్లవాడికీ ఉచితంగా తగిన చదువు చెప్పాలంది. 1990లో అందులో ఆటిజాన్ని పేరుపెట్టి చేర్చారు. మన దేశంలో 1991లో ఢిల్లీలో మెర్రీ బారువా అనే తల్లి 'యాక్షన్ ఫర్ ఆటిజం' పెట్టారు. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఆటిజం మాటే లేదు. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టంలో వచ్చింది, 2016 చట్టంలోని 21 వైకల్యాల్లో ఒకటయింది. సర్టిఫికెట్టు ఇవ్వడానికి దేశమంతా వాడే నలభై ప్రశ్నల కొలమానం తయారైంది మన సికింద్రాబాదులోని జాతీయ సంస్థలోనే. అమెరికాలో ఎనిమిదేళ్ళ పిల్లల్లో 31 మందికి ఒకరికి ఆటిజం ఉందని 2025లో లెక్క చెప్పారు. కాబట్టి మన బంధువర్గంలో ఇది రాని ఇల్లు వెతకాల్సి వస్తుంది.

1969 సభ గురించి చదివిన రాత్రి మా ఆవిడకి అంతా చెప్పాను. నీ తప్పేమీ లేదట అన్నాను, ఏదో కొత్త సంగతి కనిపెట్టినట్టు. తను బట్టలు మడతపెడుతూ అంది: "నా తప్పు కాదని నాకు మొదట్నుంచీ తెలుసు. ఆ రోజు ఫోన్లో ఆయన అలా అంటుంటే నువ్వెందుకు ఊరుకున్నావో అదే తెలీలేదు."

దానికి ఏ లైబ్రరీలోనూ జవాబు దొరకలేదు. నేనూ అలాగే అనుకున్నాను కాబట్టి ఊరుకున్నానని, ఆలస్యంగానైనా, ఒప్పుకున్నాను. ఆ ఆదివారం మా బంధువుకి నేనే ఫోన్ చేశాను. స్పీకర్ మీద పెట్టే చేశాను.

2014లో అమ్మ మా దగ్గరికి వచ్చి ఆర్నెల్లుంది. మొదటి వారం ఈ బొమ్మల గోలేమిటంది. రెండో నెలకి తనే మాగజైన్లోంచి ఇడ్లీ బొమ్మ కత్తిరించి ఫ్రిజ్ మీది వరసలో అతికించింది. మా వాడు ఆ బొమ్మ పీకి తెచ్చి ఆవిడ చేతిలో పెట్టిన రోజున, "వీడు అడుగుతున్నాడురా!" అని ఇల్లంతా తిరిగింది. ఇప్పటికీ వాడికి మాటలు నాలుగైదు వందలకి మించవు. ఇంకొన్నేళ్ళకి 21 నిండుతాయి, బడి బస్సు రావడం ఆగిపోతుంది. ఆ తరవాత ఏమిటన్నదానికి ఇక్కడా అక్కడా కూడా చట్టాల్లో జవాబు సగమే ఉంది. తల్లిదండ్రులు మళ్ళీ ఒక చోట కూచోవలసిన పనే.

మీకు కూడా ఎప్పుడో ఒక ఫోన్ వస్తుంది, తమ్ముడి దగ్గరనుంచో, మేనకోడలి దగ్గరనుంచో. ఎందుకిలా జరిగిందని అడక్కండి. పిల్లాడికి ఏమిష్టమో అడగండి. తరవాత ఫోన్ తల్లికివ్వమనండి.