ఓడ తాడు ముడి నుంచి ఇఫ్తార్ నిమిషం దాకా

మన ఇళ్లలో ఏటా రంజాన్ మాసంలో ఒక తగవు వస్తూనే ఉంటుంది. హైదరాబాదులో అచ్చయిన కేలండరు గోడకు తగిలించి, దాని ప్రకారం సహరీ ముగిస్తే చెల్లుతుందా అని. "పది ఇరవై నిమిషాలకు ఏం పోయింది" అనే పెద్దలున్నారు. "రోజాయే పోతుంది" అనేవారూ ఉన్నారు. ఈ తగవు తీర్చడానికి మన పిల్లలు బడిలో వల్లె వేసే సూత్రం ఒక్కటి చాలు: దూరాన్ని కాలంతో భాగిస్తే వేగం. సూత్రం చిన్నదే గాని దాని వెనుక కథ పెద్దది.

ప్రాచీన గ్రీకులు రేఖాగణితంలో ఘనులే. అయినా దూరాన్ని కాలంతో భాగించేవారు కారు. దూరాన్ని దూరంతోనూ, కాలాన్ని కాలంతోనూ మాత్రమే పోల్చేవారు. 1638లో అచ్చయిన గెలీలియో పుస్తకం కూడా ఆ నిష్పత్తుల భాషలోనే సాగింది. ఈలోగా ఓడవాళ్లు ఆ పని చేతులతో కానిచ్చేశారు! 1574లోనే విలియం బోర్న్ అనే ఇంగ్లీషాయన ఆ పద్ధతిని పుస్తకంలో వర్ణించాడు. తాడు కట్టిన చెక్కను ఓడ వెనుక నీళ్లలో వేస్తారు, ఓడ సాగేకొద్దీ తాడు జారుతుంది, ఇసుక గడియారం ఖాళీ అయ్యేలోపు ఎన్ని ముడులు చేతిలోంచి పోయాయో లెక్కిస్తారు. తర్వాతి కాలంలో ఇసుక 28 సెకండ్లది, ముడికీ ముడికీ ఎడం సుమారు 47 అడుగులు. ఎందుకంటే, గంటకు 3,600 సెకండ్లు, నాటికల్ మైలుకు 6,080 అడుగులు. 28 సెకండ్ల వాటా 47 అడుగుల చిల్లర. ముడి అంటే ఇంగ్లీషులో నాట్ గదా. మన హార్బరులో ఓడ వేగాన్ని ఈనాటికీ నాట్లలో చెప్పడం అందుకే.

1995 దాకా మన దేశం నుంచి హజ్‌కు ఓడల్లోనూ వెళ్లేవారు. బొంబాయి నుంచి జిద్దాకు సుమారు 2,300 నాటికల్ మైళ్లు. 12 రోజులు పట్టిందనుకుంటే 288 గంటలు, అంటే సగటున 8 నాట్లు.

ఇక కాలం సంగతి. వేళలు లెక్కగట్టడానికి పెద్ద మసీదుల్లో మువఖ్ఖిత్ అనే ఉద్యోగి ఉండేవారు. 14వ శతాబ్దపు ఖగోళవేత్త ఇబ్న్ అల్-షాతిర్ డమాస్కస్ ఉమయ్యద్ మసీదులో ఆ పనే చేశారు. మన విశాఖ తక్కువ తినలేదు. 1840లో గోడే వెంకట జగ్గారావు గారు డాబా గార్డెన్స్‌లో సొంత ఖర్చుతో నక్షత్రశాల కట్టించారు. ఆ రోజుల్లో ఏ ఊరి మధ్యాహ్నం ఆ ఊరిదే. 1906 జనవరి 1 నుంచి దేశమంతటికీ ఒకే గడియారం వచ్చింది. గడియారం ఒకటైంది గాని సూర్యుడు మాత్రం ఒక్కో ఊళ్లో ఒక్కో నిమిషానే దిగుతాడు.

ఇప్పుడు మన తగవు చూద్దాం. భూమి 24 గంటల్లో ఒక చుట్టు తిరుగుతుంది. విశాఖ అక్షాంశం దగ్గర ఆ చుట్టు సుమారు 38,200 కిలోమీటర్లు. అంటే అస్తమయం గంటకు దాదాపు 1,590 కిలోమీటర్ల వేగంతో పడమరకు పరుగెడుతోందన్నమాట. హైదరాబాదు మనకు పడమరగా సుమారు 510 కిలోమీటర్లు (రైలు దూరం కాదు, తిన్నగా పడమరకు కొలిచినది). 510ని 1,590తో భాగించి 60తో గుణిస్తే 19 నిమిషాలు. ఆ 60తో గుణించడం మరిచిపోయే పిల్లలు చాలామంది! రెండు ఊళ్లూ దాదాపు ఒకే అక్షాంశం మీద ఉన్నాయి గనుక ఏ నెలలోనైనా ఈ తేడా ఒకటి రెండు నిమిషాలకు మించి మారదు.

కాబట్టి హైదరాబాదు వేళకు సహరీ ముగిస్తే ఇక్కడ తెల్లవారుజాము మొదలై 19 నిమిషాలు అయిపోయి ఉంటుంది. ఇఫ్తార్ సంగతి అంత ప్రమాదం కాదు, అనవసరంగా ఆలస్యమవుతుంది, అంతే. అసలు చిక్కు అక్కడి మన బంధువులకు. ఉక్కునగరంలో ఉన్న కొడుకు ఫోన్‌లో "ఇక్కడ అజాన్ అయిపోయిందమ్మా" అంటే, పాతబస్తీలో ఉన్న తల్లి ఖర్జూరం నోట్లో వేసుకోకూడదు. ఇంకా 19 నిమిషాలు ఆగాలి.