గోదావరి డెల్టాలో ఓటు చైతన్యం, వ్యూహాత్మక ఓటు

అర్హులను ఓటర్ల జాబితాలో చేర్పించి, పోలింగ్ నాడు బూత్ దాకా రప్పించే కృషిని ఓటు చైతన్యం అంటారు. తనకు బాగా నచ్చిన అభ్యర్థి గెలవడని తోచినప్పుడు, గెలవగలిగినవారిలో కాస్త మేలైనవారికి ఓటు వేయడం వ్యూహాత్మక ఓటు. ఉభయ గోదావరి జిల్లాల వాడుకలో ఈ ఆలోచనకు రెండు మాటలున్నాయి: ‘ఓటు మురిగిపోకూడదు’, ‘ఓటు చీలకూడదు’. మొదటిది ఓటరు బెంగ, రెండోది పార్టీల బెంగ. ఈ ప్రాంత ఎన్నికల చరిత్రలో ఈ రెండూ పెనవేసుకుని సాగాయి.

నేపథ్యం

భారత ఎన్నికల్లో అందరికన్నా ఎక్కువ ఓట్లు వచ్చినవారే విజేత. సగం దాటాలన్న నియమం లేదు. ముగ్గురు బరిలో ఉంటే మూడింట ఒక వంతుకు కాస్త మించిన ఓట్లతోనూ గెలవవచ్చు. ఇలాంటి పద్ధతి కాలక్రమంలో రెండు పక్షాల పోటీకి దారితీస్తుందని ఫ్రెంచ్ రాజనీతి శాస్త్రవేత్త మారిస్ డువెర్జే 1950లలో సూత్రీకరించాడు.

2008 నియోజకవర్గాల పునర్విభజన తర్వాత మన్యం స్థానాలతో కలిపి తూర్పు గోదావరిలో 19, పశ్చిమ గోదావరిలో 15, మొత్తం 34 శాసనసభ స్థానాలున్నాయి. 2022 ఏప్రిల్ 4న ఇవి కొత్త జిల్లాల్లోకి సర్దుకున్నా, రాజకీయ లెక్కల్లో ‘ఉభయ గోదావరి’ అన్న మాట చెక్కుచెదరలేదు. గోదావరి జిల్లాలు ఎటు మొగ్గితే అధికారం అటేనన్న నానుడి రాష్ట్రమంతటా ఉంది.

స్వాతంత్ర్యానికి ముందు

మద్రాసు రాష్ట్రంలో ఆస్తి, పన్ను అర్హతలున్న కొద్దిమందికే ఓటు ఉండేది. 1920 శాసనమండలి ఎన్నికలను కాంగ్రెస్ బహిష్కరించడంతో, ఓటు గురించి ఆ పార్టీ చేసిన తొలి పెద్ద ప్రచారం ఓటు వేయవద్దన్నదే అయింది. 1921లో మద్రాసు శాసనమండలి, పురుషులకున్న అర్హతలతోనే స్త్రీలకూ ఓటు హక్కు ఇచ్చింది. 1937లో కాంగ్రెస్ 215 స్థానాల శాసనసభలో 159 గెలిచింది.

1952, 1955: చీలిక నేర్పిన పాఠం

వయోజనులందరికీ ఓటు హక్కు వచ్చాక జరిగిన తొలి ఎన్నికల్లో ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె ఉండేది. చదువురానివారు కాడెద్దులు, కంకి–కొడవలి వంటి గుర్తులను బట్టి పెట్టెను పోల్చుకుని చీటీ వేసేవారు. అందుకే నాటి ప్రచారంలో అభ్యర్థి పేరుకన్నా గుర్తును గుర్తుపెట్టించడానికే ఎక్కువ శ్రమ పడేవారు.

1952లో టంగుటూరి ప్రకాశం, ఎన్.జి. రంగా వేర్వేరు పార్టీలతో కాంగ్రెస్‌కు ఎదురు నిలిచారు. 375 స్థానాల మద్రాసు శాసనసభలో కాంగ్రెస్ 152 దగ్గర ఆగిపోగా, కమ్యూనిస్టులు 62 గెలిచారు. ఓడిన మంత్రుల్లో బెజవాడ గోపాలరెడ్డి, కోనసీమకు చెందిన కళా వెంకటరావు ఉన్నారు.

1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. 1954 నవంబర్‌లో ప్రకాశం ప్రభుత్వం ఒకే ఒక్క ఓటు తేడాతో పడిపోయి, 1955 ఫిబ్రవరిలో మధ్యంతర ఎన్నికలు వచ్చాయి. ఈసారి కాంగ్రెస్, రంగా నాయకత్వంలోని కృషికార్ లోక్ పార్టీ, ప్రజా పార్టీ సీట్లు పంచుకుని ఐక్య కాంగ్రెస్ సంఘటనగా పోటీ చేశాయి. బొంబాయి నుంచి వచ్చిన ఎస్.కె. పాటిల్ ప్రచార యంత్రాంగాన్ని దగ్గరుండి నడిపించారు. కమ్యూనిస్టుల తరఫున మహాకవి శ్రీశ్రీ ఊరూరా తిరిగారు. 196 స్థానాల్లో సంఘటనకు 146 వచ్చాయి: కాంగ్రెస్‌కు 119, కృషికార్ లోక్ పార్టీకి 22, ప్రజా పార్టీకి 5. కమ్యూనిస్టు పార్టీకి ఓట్ల శాతం 1952 నాటికన్నా పెరిగి 31 దాటినా, దక్కినవి 15 సీట్లే. ఎదుటి ఓటు చీలకపోతే సొంత ఓటు పెరిగినా సరిపోదని తెలుగునాట అంకెలతో సహా తేలిన మొదటి సందర్భం ఇది.

1956–2004

1955లోనే ఓటేసినందున ఆంధ్ర ప్రాంతానికి 1957లో శాసనసభ ఎన్నికలు జరగలేదు; 1962 నుంచి పెట్టెలకు బదులు బ్యాలెట్ పత్రంపై ముద్ర వేసే పద్ధతి వచ్చింది. 1983 జనవరిలో, పుట్టి ఏడాదైనా నిండని తెలుగుదేశం 294 స్థానాల్లో 200 దాటింది. ఆ పార్టీ స్థాపకుడు ఎన్.టి. రామారావు ప్రచార వాహనం చైతన్యరథం స్త్రీలను, యువతను రాజకీయ సభలకు రప్పించిన తీరు ఓటు చైతన్య చరిత్రలో చెప్పుకోదగ్గది. 1989లో ఓటు వయసు 21 నుంచి 18కి తగ్గింది.

2009–2019: మూడో పక్షం

మొగల్తూరు వాసి చిరంజీవి స్థాపించిన ప్రజారాజ్యం 2009లో డెల్టాను త్రిముఖ పోటీలోకి దించింది. ఆయన సొంత జిల్లాలోని పాలకొల్లులో కాంగ్రెస్ అభ్యర్థి బంగారు ఉషారాణి చేతిలో ఓడి, తిరుపతిలో గెలిచారు. రాష్ట్రంలో ఆ పార్టీకి 18 స్థానాలు వచ్చాయి. 2014లో పవన్ కల్యాణ్ నాయకత్వంలోని జనసేన పోటీకి దిగకుండా తెలుగుదేశం–బీజేపీ కూటమికి మద్దతిచ్చింది. పశ్చిమ గోదావరిలో 15కు 15 కూటమి పరమయ్యాయి.

2019లో జనసేన వేరుగా నిలిచింది. భీమవరంలో వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థి గ్రంధి శ్రీనివాస్ 8,357 ఓట్ల మెజారిటీతో పవన్ కల్యాణ్‌పై గెలిచారు. మూడో స్థానంలో నిలిచిన తెలుగుదేశం అభ్యర్థి పులపర్తి రామాంజనేయులుకు 50 వేలకు పైగా ఓట్లు పడ్డాయి. మెజారిటీకి అనేక రెట్లున్న ఆ ఓట్లే తర్వాతి పొత్తు చర్చలన్నిటికీ ఉదాహరణ అయ్యాయి. అయితే ఆ ఎన్నికల్లోనే రాజోలు వేరే సంగతి చెప్పింది. అక్కడ జనసేన 814 ఓట్ల మెజారిటీతో రాష్ట్రంలో తన ఏకైక స్థానం గెలుచుకుంది. ఎలాగూ మురిగిపోతుందనుకుని జనసేన ఓటర్లలో కొన్ని వందల మంది పక్కకు తప్పుకున్నా ఆ గెలుపు ఉండేది కాదు. అందువల్ల మనసుకు నచ్చినవారికే వేసే ఓటును వృథా అనడం తొందరపాటు.

2024: ఓటు బదిలీ

ప్రభుత్వ వ్యతిరేక ఓటు చీలనివ్వనని పవన్ కల్యాణ్ 2022 మార్చిలోనే ప్రకటించారు. 2023 సెప్టెంబర్ 14న రాజమహేంద్రవరం కేంద్ర కారాగారంలో తెలుగుదేశం అధినేత చంద్రబాబునాయుడిని కలిసి వచ్చి, అక్కడే పొత్తు ఖరారు చేశారు. బీజేపీ చేరాక జనసేన తన వాటాను 24 శాసనసభ స్థానాల నుంచి 21కి తగ్గించుకుంది.

నాయకులు చేతులు కలిపినంత తేలిగ్గా ఓటు బదిలీ కాదు. భీమవరం, నిడదవోలు, రాజానగరం ఓటరు శాసనసభకు జనసేన గుర్తు గాజుగ్లాసు, లోక్‌సభకు బీజేపీ గుర్తు కమలం నొక్కాలి; రాజోలులో గాజుగ్లాసు, తెలుగుదేశం గుర్తు సైకిల్. ఏళ్లుగా సైకిల్‌కే అలవాటుపడ్డ చేతిని మరో గుర్తు మీదికి మళ్లించడానికి కార్యకర్తలు ఇంటింటా నమూనా బ్యాలెట్లు చూపించారు. ఓటు చైతన్యం, వ్యూహం ఒకే గడపలో కలిసిన సందర్భమిది.

ఎన్నికల సంఘం 2009 తర్వాత చేపట్టిన ‘స్వీప్’ కార్యక్రమం, 2011 నుంచి ఏటా జనవరి 25న జరిగే జాతీయ ఓటర్ల దినోత్సవం, 85 ఏళ్లు దాటినవారికి ఇంటి వద్దే ఓటు వంటి ఏర్పాట్లు ఒకవైపు సాగాయి. మరోవైపు 2024 మే 13 పోలింగ్‌కు హైదరాబాద్ నుంచి సంక్రాంతిని తలపించేలా జనం సొంతూళ్లకు కదిలారు. రాష్ట్రంలో కొన్ని కేంద్రాల్లో వరుసలు అర్ధరాత్రి దాకా సాగి, పోలింగ్ 81.86 శాతానికి చేరింది. దేశ సగటు 66 శాతం దగ్గరే ఉండగా ఇది గర్వించదగ్గ అంకె.

ఉభయ గోదావరిలోని 34 స్థానాలూ కూటమివే: తెలుగుదేశం 22, జనసేన 11, బీజేపీ 1. 2019లో భీమవరంలో మూడో స్థానంలో నిలిచిన రామాంజనేయులే ఈసారి జనసేన గుర్తుపై అక్కడ గెలిచారు. రాష్ట్రంలో వైఎస్సార్ కాంగ్రెస్‌కు 39 శాతానికి పైగా ఓట్లు వచ్చినా, 175లో 11 స్థానాలే దక్కాయి. ఓట్లకూ సీట్లకూ మధ్య 1955 నాటి ఎడమే మళ్లీ కనిపించింది.

ప్రాధాన్య ఓటు

ఉభయ గోదావరి పట్టభద్రుల, ఉపాధ్యాయుల శాసనమండలి స్థానాల్లో పద్ధతి వేరు. ఓటరు అభ్యర్థుల పేర్లకు ఎదురుగా 1, 2, 3 అని ప్రాధాన్య అంకెలు వేస్తాడు. మొదటి ఎంపిక పోటీ నుంచి తొలగిపోతే ఓటు రెండో ఎంపికకు వెళ్తుంది కనుక, మురిగిపోతుందన్న బెంగ చాలావరకు తీరుతుంది. కానీ పట్టభద్రులు ప్రతి ఎన్నికకూ కొత్తగా పేరు నమోదు చేసుకోవాలి. అంకెకు బదులు టిక్కు పెట్టినా, కేంద్రంలో ఇచ్చిన ఊదారంగు పెన్ను కాక మరొకటి వాడినా ఓటు చెల్లదు. డెల్టాలో డిగ్రీ ఉన్న ఓటరు శాసనసభకు ఒక లెక్కతో, మండలికి మరో లెక్కతో ఓటు వేస్తున్నాడు. రెండింటికీ ముందు కావలసింది మాత్రం జాబితాలో పేరే.