జంట నగరాలు చూసిన భయం

పలు మతాలు, భాషలు ఒకచోట కలిసి ఉంటే ఉగ్రవాదం పుట్టక తప్పదన్న వాదన తరచూ వినిపిస్తుంది. సికింద్రాబాద్ చరిత్ర దానికి ఒప్పుకోదు. 1806లో నిజాం సికందర్ జా పేరు పెట్టుకుని, కంటోన్మెంటును ఆనుకుని పెరిగిన ఈ ఊళ్లో తమిళులు, పార్సీలు, గుజరాతీలు, మార్వాడీలు, ఆంగ్లో ఇండియన్లు తెలుగు, ఉర్దూ మాట్లాడేవాళ్ల పక్కనే తరతరాలుగా బతుకుతున్నారు. ఆ తేడాలు ఎప్పుడూ ఉన్నవే. హైదరాబాద్, సికింద్రాబాద్ జంట నగరాలను వణికించిన హింస మాత్రం కొన్ని కాలాల్లోనే వచ్చింది. అందుకు కారణాన్ని జనాభా లెక్కల్లో కాక, న్యాయం అందని చోట వెతకాలి.

1947-48లో కాసిం రజ్వీ నడిపిన రజాకార్ల దళాన్నే తీసుకుందాం. పైకి అది మతం పేరు చెప్పుకుంది, చేసింది మాత్రం కూలిపోతున్న నిజాం రాజ్యానికి కాపలా. 1948 ఆగస్టులో బైరాన్‌పల్లి గ్రామస్థులను కాల్చి చంపిన నెలలోనే, భారత్‌లో విలీనం కావాలని రాసినందుకు ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌నూ హత్య చేశారు. ఆయనా ముస్లిమే. సెప్టెంబరులో భారత సైన్యం వచ్చాక హింస ముస్లింల వైపు దిశ మార్చుకుంది. 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని ప్రభుత్వం పంపిన సుందర్‌లాల్ కమిటీ అంచనా వేస్తే, ఆ నివేదికను దశాబ్దాల పాటు బయటపెట్టలేదు. హింస తర్వాతి రూపం మతంతో పనిలేనిది. శ్రీకాకుళం గిరిజనుల భూమి గోడు, 1981లో ఇంద్రవెల్లిలో గోండులపై పోలీసు కాల్పులు, 1980లో కొండపల్లి సీతారామయ్య స్థాపించిన నక్సలైట్ సంస్థ పీపుల్స్‌వార్‌ ఎదుగుదలను విడదీసి చూడలేం. కానీ 2000లో ఘట్‌కేసర్ దగ్గర మంత్రి మాధవరెడ్డిని బలిగొన్న మందుపాతర ఏ రైతుకూ ఎకరం భూమి తెచ్చిపెట్టలేదు. 2004లో ప్రభుత్వానికీ, నక్సలైట్లకూ మధ్య చర్చలకు తెరుచుకున్న తలుపు కొన్ని నెలల్లోనే మూసుకుపోయింది. అందులో రెండు పక్షాలకూ భాగం ఉంది.

మూడో రూపం బాబ్రీ మసీదు కూల్చివేత, గుజరాత్ అల్లర్ల తర్వాత పేరుకున్న కసిని, సరిహద్దు దాటిన శిక్షణను కలుపుకుని వచ్చింది. 2005 దసరా నాడు బేగంపేట టాస్క్‌ఫోర్స్ కార్యాలయంలో ఆత్మాహుతి దాడి ఒక హోంగార్డు ప్రాణం తీసింది. 2017లో ఆ కేసు నిందితులు నిర్దోషులుగా బయటపడ్డారు. 2007 మే 18న మక్కా మసీదులో పేలుడుకు తొమ్మిది మంది, ఆ తర్వాత పోలీసు కాల్పులకు ఐదుగురు బలయ్యారు. మొదట పాతబస్తీ ముస్లిం యువకులను పట్టుకుని హింసించారన్న ఆరోపణలొచ్చాయి, వాళ్ల మీద కేసులు నిలవలేదు. తర్వాత దర్యాప్తు హిందూ అతివాదుల వైపు మళ్లింది. 2018 ఏప్రిల్‌లో విచారణ ఎదుర్కొన్న ఐదుగురినీ ఎన్ఐఏ కోర్టు వదిలేసింది. 2007లో మక్కా మసీదు పేలుడు జరిగి మూడు నెలలు దాటిందో లేదో, లుంబినీ పార్కు, గోకుల్ చాట్ పేలుళ్లు 40 మందికి పైగా ప్రాణాలు తీశాయి.

అన్యాయమే కారణమైతే అన్యాయానికి గురైన వాళ్లందరూ బాంబులు ఎందుకు పెట్టరని అడగవచ్చు. సరైన ప్రశ్నే. అన్యాయం ఒక్కటే చాలదు. దాన్ని వాడుకునే సంస్థ, డబ్బు, పేలుడు పదార్థాలు, బయటి అండ కావాలి. అయితే ఆ సంస్థలకు మనుషులను అందించేది ఆ కసే. హక్కుల మాటలతో పోలీసుల చేతులు కట్టేస్తున్నారన్నది ఇంకో అభ్యంతరం. దిల్‌సుఖ్‌నగర్ దానికి జవాబు. 2013 ఫిబ్రవరి 21 నాటి జంట పేలుళ్ల కేసులో యాసిన్ భత్కల్‌తో సహా ఐదుగురికి 2016లో శిక్ష పడింది, 2025లో హైకోర్టు దాన్ని ఖరారు చేసింది. ఆ కేసు సాక్ష్యాలతో నిలబడింది, ఒక బస్తీని మొత్తం అనుమానించాల్సిన అవసరం రాలేదు. మక్కా మసీదులో ప్రార్థనకు వెళ్లి తిరిగిరాని వాళ్ల కుటుంబాలకు మాత్రం, కోర్టు తీర్పు ప్రకారం, దోషి అంటూ ఎవరూ తేలలేదు.